ఇంట్లోనే ట్రైలర్ హిచ్ బిగించుకోవడం: ఎంతవరకు మనమే చేసుకోవచ్చు?

దారిదీపం:
అందరికీ నమస్తే. మా ఎస్‌యూవీకి వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే ఇనప అమరిక) పెట్టుకుందామని కిట్ తెప్పించాను. క్లాస్ 3, 2 అంగుళాల రిసీవర్ (బాల్ మౌంట్ దూర్చే చదరపు గొట్టం). పెట్టెలో హిచ్, ఒక సంచి నిండా బోల్టులూ వాషర్లూ, చివర స్ప్రింగులా చుట్టిన రెండు తీగలు, ఒక కాగితం ఉన్నాయి. ఆ తీగలు దేనికో అర్థం కాలేదు. డ్రిల్లింగ్ అక్కర్లేదని కాగితంలో ఉంది. బండి కిందికి దూరి చూశాను. ఛాసిస్ రైళ్ళకి (బండి కింద పొడవునా ఉండే ఇనప దూలాలు) రెండు పక్కలా కన్నాలున్నాయి. కొన్నింటి లోపల నట్టు అతికి ఉంది, తుప్పు బాగానే పట్టింది. కొన్ని ఉత్త కన్నాలే.

జాకీ, స్టాండ్లు, సాకెట్ సెట్ ఉన్నాయి. టార్క్ రెంచి (బోల్టుని లెక్క ప్రకారం ఇంత బిగువుకే బిగించే రెంచి) లేదు. లాగేది చిన్న ట్రైలర్, తోట సామాను కోసం. ముందుముందు ఒక చిన్న పడవ కూడా అనుకుంటున్నాను. అడగాల్సినవి ఇవీ: ఒక్కడినే చేయగలనా? టార్క్ రెంచి కొనక తప్పదా? వైరింగ్ జోలికి వెళ్ళొచ్చా? క్లాస్ 3 కాబట్టి 3,600 కిలోల దాకా లాగొచ్చని పెట్టె మీద ఉంది, నమ్మొచ్చా?

నట్టుబోల్టు:
ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావాటికంటే అదే ముఖ్యం. నమ్మొద్దు.

క్లాస్ అనేది ఆ ఇనుము ఎంత తట్టుకుంటుందో చెప్తుంది. మీ బండి ఎంత లాగగలదో దానికి తెలీదు. అమెరికా లెక్క ప్రకారం క్లాస్ 1 అంటే 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు. క్లాస్ 2 అయితే 3,500 పౌండ్లు, 1,588 కిలోలు. క్లాస్ 3కి 8,000 పౌండ్ల వరకూ వేస్తారు, మీ పెట్టె మీది 3,600 కిలోలు అదే. అది కూడా చాలా హిచ్‌లకి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు (ముక్కు బరువుని మిగతా చక్రాలకీ పంచే కడ్డీలు) తగిలించినప్పటి మాట. మామూలుగా బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనప గుండు) మీద మోపి లాగితే దానికంటే బాగా తక్కువ. హిచ్ మీది స్టిక్కర్ చూడండి, రెండు అంకెలూ విడివిడిగా వేసి ఉంటారు.

అసలు హద్దు మీ బండి మాన్యువల్లో ఉంటుంది. బ్రేకులున్న ట్రైలర్‌కి ఒక అంకె, లేనిదానికి ఇంకో అంకె. బండి, హిచ్, బాల్ మౌంట్ (బాల్‌ని మోసే కడ్డీ), బాల్, ట్రైలర్ కప్లర్ (బాల్‌ని పట్టుకునే ట్రైలర్ ముక్కు), ట్రైలర్ టైర్లు, వీటిలో ఏది అన్నింటికంటే తక్కువో అదే మీ అంకె. కొన్ని మోడళ్ళకి అసలు ట్రైలర్ లాగొద్దనే రాసి ఉంటుంది. వాటికి కూడా హిచ్‌లు దొరుకుతాయి, సైకిల్ ర్యాక్ తగిలించుకోవడానికి. హిచ్ దొరికింది కదా అని బండికి లేని బలం రాదు.

గ్రీజుచేతులు:
నట్టుబోల్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. మాన్యువల్ చూసి అంకె ఇక్కడ పెట్టండి దారిదీపం గారూ, తర్వాత మాట్లాడుకుందాం.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. ఆ తుప్పు పట్టిన వెల్డ్ నట్ల సంగతి ముందు రోజే తేల్చండి. బిగించే రోజున మొదలుపెడితే హిచ్‌ని పైకెత్తి పట్టుకుని తుప్పుతో కుస్తీ పట్టాలి. సన్నటి వైర్ బ్రష్ (తుపాకీ గొట్టం తుడిచే ఇత్తడి బ్రష్ సరిగ్గా సరిపోతుంది) లోపలికి తోసి తిప్పండి. తర్వాత తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కిట్‌లో బోల్టు ఒకటి తీసుకుని చేత్తోనే ఎక్కించి చూడండి. వేళ్ళతో తిప్పితే చివరిదాకా పోవాలి. పోకపోతే అదే సైజు, అదే పిచ్ (మరల మధ్య ఎడం) ఉన్న ట్యాప్ (కన్నంలో మర కోసే పనిముట్టు) వేసి మర శుభ్రం చేయండి. ట్యాప్‌ని ఏకబిగిన తిప్పకండి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, అలా పోతే తుప్పు పొడి రాలిపోతుంది.

కళ్ళద్దాలు పెట్టుకోకుండా కిందికి దూరొద్దు. తుప్పు రాలేది నేరుగా మొహం మీదికే.

టాప్‌గేర్:
ఇంత తతంగం ఎందుకు బాస్. ఇంపాక్ట్ గన్ ఉంటే పావుగంట పని. డ్‌ర్‌ర్ అని కొట్టి వదిలేయడమే. టార్క్ రెంచి అంటూ కూర్చుంటే పని తెమలదు.

నట్టుబోల్టు:
@టాప్‌గేర్ తమ్ముడూ, గన్‌తో కొడితే తుప్పు మరలో బోల్టు వంకరగా ఎక్కినా నీ చేతికి తెలీదు. వెల్డ్ నట్టు ఊడి రైలు లోపల గిరగిరా తిరగడం మొదలైతే ఛాసిస్‌కి కన్నం కోసి తీయాల్సి వస్తుంది. అప్పుడు తెలుస్తుంది పావుగంట పని ఎంత పెద్దదో.

టార్క్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. హిచ్‌ని రైలుకి పట్టి ఉంచేది బోల్టు కాడ అడ్డం పడటం కాదు. బోల్టు బిగిసినప్పుడు కొంచెం సాగుతుంది, సాగిన స్ప్రింగు లాగా రెండు ఇనుములనీ నొక్కి పెడుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే బరువంతా మోస్తుంది. నొక్కుడు చాలకపోతే ప్రతి గుంతకీ హిచ్ వెంట్రుకవాసి జరుగుతుంది, ప్రతి కుదుపూ బోల్టు మీద పడుతుంది, కొన్నాళ్ళకి అలసి విరుగుతుంది. ఎక్కువైతే బోల్టు సాగాల్సిన హద్దు దాటి సాగిపోతుంది, లేదా మర తెగుతుంది. రెండూ బయటికి కనిపించవు.

ఎంత అనేది కిట్ కాగితంలోనే ఉంటుంది, అదే చూడండి. ఊహకి అందడానికి చెప్తున్నాను: 10.9 గ్రేడ్ (ఇనుము బలాన్ని చెప్పే అంకె) ఎం12 (12 మిల్లీమీటర్ల లావు) బోల్టుకి సాధారణ పట్టికల్లో 110 నుంచి 125 న్యూటన్-మీటర్ల దాకా కనిపిస్తుంది. అంత బిగువు చేతి అంచనాతో రెండు పక్కలా ఒకేలా రాదు. రెంచి కొనడం ఇష్టం లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి.

గ్రీజుచేతులు:
దీనికి ఒక తోక ఉంది. నూనె రాసిన మరకీ పొడి మరకీ అదే టార్క్ వేస్తే ఒకే ఫలితం రాదు. నూనె వల్ల రాపిడి తగ్గి, అదే అంకెకి బోల్టు ఎక్కువ సాగుతుంది. ఉదాహరణకి అరంగుళం గ్రేడ్ 8 బోల్టుకి పట్టికల్లో పొడిగా అయితే దాదాపు 120 పౌండ్-అడుగులు, నూనెతో అయితే 90 అని ఉంటుంది. పావు వంతు తేడా. కాబట్టి తుప్పు వదిలించే నూనె వాడాక బ్రేక్ క్లీనర్ కొట్టి మర పొడిగా చేసి బిగించండి. కొన్ని కిట్ల కాగితంలో మరకి నూనె రాయమనే ఉంటుంది, అప్పుడు వాళ్ళ అంకె దానికి తగ్గట్టే ఉంటుంది. థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా మరకి రాసే జిగురు) కూడా అంతే, కాగితంలో ఉంటేనే.

టాప్‌గేర్:
సరే అన్నా, గన్ వెనక్కి తీసుకుంటున్నా 😄 కానీ విప్పడానికి వాడొచ్చు కదా?

నట్టుబోల్టు:
విప్పడానికి నిక్షేపంగా వాడుకో.

సుజాత_కె:
దారిదీపం గారూ, ఒక్కరే చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. నేను మా బండికి ఒక్కదాన్నే బిగించాను. క్లాస్ 3 హిచ్‌లు చాలావరకు 15 నుంచి 25 కిలోలుంటాయి. ఎత్తడానికి పర్లేదు, వెల్లకిలా పడుకుని ఒక చేత్తో పైకి పట్టుకుని రెండో చేత్తో బోల్టు ఎక్కించడం మాత్రం అయ్యే పని కాదు. హిచ్‌ని బెల్టుతో కట్టుకోండి. రాచెట్ బెల్టు ఒకటి రైలు మీంచి వేసి హిచ్ ఒక కొసకి కట్టి, రెండో కొసని జాకీతో లేపండి. ఒక పక్క ఒక బోల్టు నాలుగు చుట్లు ఎక్కిందంటే సగం పని అయినట్టే. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కేదాకా ఒక్కటీ బిగించకండి. ఒక పక్క ముందే బిగిస్తే రెండో పక్క కన్నాలు కలవవు, అప్పుడు మీరు హిచ్‌ని తిట్టుకుంటారు.

చాలా బండ్లకి బండి లేపక్కర్లేదు. లేపాల్సి వస్తే స్టాండ్ల మీదే, గట్టి చదునైన నేల మీద, ముందు చక్రాలకి అడ్డాలు పెట్టి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

దారికి అడ్డొచ్చేవి రెండు. ఒకటి స్టెప్నీ, కింద వేలాడుతుంటే దించేయండి. రెండోది సైలెన్సర్. చల్లారాకే ముట్టుకోండి. వెనక రెండు మూడు రబ్బరు హ్యాంగర్లు ఊడదీస్తే గొట్టం కొంచెం కిందికి దిగుతుంది. సబ్బునీళ్ళు రాస్తే రబ్బరు జారి వచ్చేస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చింపకండి. దిగిన గొట్టాన్ని గాల్లో వదలొద్దు, కింద ఒక చెక్కో జాకీయో పెట్టండి, లేకపోతే బరువంతా ముందున్న ఫ్లెక్స్ పైపు మీద పడి అది చీలుతుంది. కొన్నింటికి వేడి తగలకుండా పెట్టిన రేకుని హిచ్ పట్టేంత మేర కత్తిరించాలి, అది రేకు కత్తెరతో అయిపోతుంది.

దారిదీపం:
సుజాత గారూ, చాలా థాంక్స్. బెల్టు ఉపాయం బాగుంది.

మాన్యువల్ చూశాను. బ్రేకులున్న ట్రైలర్ 1,500 కిలోలు, లేనిది 750 కిలోలు. ఇంకో వరసలో హిచ్ మీద నిలువు బరువు 100 కిలోలు అని ఉంది. అంటే 3,600 మాట అక్కడితో ముగిసింది. ఈ 100 కిలోల సంగతేంటి? ఆ చుట్టిన తీగల గురించి ఎవరూ చెప్పలేదు.

గ్రీజుచేతులు:
తీగలు చాలా మంచి వస్తువులండీ, పారేయకండి. ఉత్త కన్నాలున్న చోట నట్టు లేదు కాబట్టి బోల్టునే రైలు లోపలి నుంచి బయటికి రప్పించాలి. అక్కడికి చెయ్యి పట్టదు. అందుకని దగ్గర్లో ఉన్న పెద్ద కన్నంలోంచి తీగ తిన్నటి కొసని (చుట్ట లేని వైపు) లోపలికి తోసి, బోల్టు రావాల్సిన కన్నంలోంచి బయటికి తేవాలి. చుట్ట పెద్ద కన్నం దగ్గరే ఉండాలి. తర్వాత కిట్‌లో ఉన్న దళసరి ఇనప బిళ్ళని తీగకి గుచ్చి, చుట్టలోకి బోల్టు మరని తిప్పి ఎక్కించి, మెల్లగా లాగితే బిళ్ళా బోల్టూ రైలు లోపల జారుకుంటూ వచ్చి కన్నంలోంచి బోల్టు బయటికి తల పెడుతుంది.

తీగని అప్పుడే తీయకండి. హిచ్‌ని పైకి పెట్టేటప్పుడు బోల్టు లోపలికి పడిపోతుంది, తీగ ఉంటే మళ్ళీ లాగొచ్చు. హిచ్ కన్నంలోంచి కూడా తీగని రానిచ్చి, బోల్టు బయటికొచ్చాక తీగ విప్పి నట్టు ఎక్కించండి. ఆ దళసరి బిళ్ళని మర్చిపోతే బోల్టు తల దాని కన్నంలోకే లాక్కుపోతుంది, పలచటి రైలు వంగుతుంది.

నట్టుబోల్టు:
100 కిలోల సంగతి. ట్రైలర్ ముక్కు బాల్ మీద మోపే బరువు, టంగ్ వెయిట్ అంటారు. అమెరికా పద్ధతిలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. యూరప్ బండ్లకి ఈ పరిమితి తక్కువ ఉంటుంది, తరచు 75, 100 కిలోల దగ్గర. మీకు రెండూ కలిపి చూస్తే, 750 కిలోల ట్రైలర్‌కి 10 శాతం అంటే 75 కిలోలు, హద్దులోనే ఉన్నారు. 1,500కి 10 శాతం 150 అవుతుంది, మీ 100 దాటుతుంది. అక్కడ మీ బండి తయారీదారు ఇచ్చిన 100కే కట్టుబడాలి, సరుకుని దానికి తగ్గట్టు సర్దాలి.

ముక్కు మరీ తేలికైతే ట్రైలర్ వేగంలో తోక ఊపడం మొదలుపెడుతుంది. వెనక్కి ఎక్కువ బరువు పెట్టినవాళ్ళకి ఇది గ్యారంటీ. అలా ఊగితే బ్రేకు గట్టిగా నొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచేయబోకూడదు. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. ట్రైలర్ బ్రేకుకి విడిగా మీట ఉంటే అది మాత్రం వాడొచ్చు.

ఇంకొకటి, ఈ 75 కిలోలూ మీ బండి మోసే బరువులో కలుస్తాయి. లోపల మనుషులు, డిక్కీలో సామాను, పైన ఇది. వెనక యాక్సిల్ హద్దు కూడా చూసుకోండి.

రైతుబిడ్డ:
బరువు తూచేదెలా? కాటా దగ్గరికి పోవాలా?

నట్టుబోల్టు:
ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే కాటా చాలు. 50, 60 కిలోల లోపైతే కాటా మీద ఒక దుంగ నిలబెట్టి దాని మీద ముక్కు మోపండి, బాల్ ఎత్తులోనే. అంతకంటే ఎక్కువైతే ఒక గట్టి దూలం అడ్డంగా వేసి, ఒక కొసని ఇటుక మీద, రెండో కొసని కాటా మీద పెట్టండి. ట్రైలర్ ముక్కు ఇటుక నుంచి 1 అడుగు దూరంలో, కాటా నుంచి 2 అడుగుల దూరంలో మోపితే కాటా మూడో వంతే చూపిస్తుంది. వచ్చిన అంకెని 3తో గుణించుకోవడమే. దూలం బరువు కాటా మీద ముందే ఎంత చూపిస్తుందో తీసేయడం మర్చిపోవద్దు. ట్రైలర్ చక్రాలకి అడ్డాలు పెట్టి, సమానంగా నిలిపి, సామాను అంతా ఎక్కించాకే తూచాలి. ఖాళీ ట్రైలర్ తూచి లాభం లేదు.

దారిదీపం:
నేను అడగాలనుకున్నదే రైతుబిడ్డ గారు అడిగారు. ఇంకో సంగతి, బంపర్ కింది అంచుని కొంత కోయాలని కాగితంలో బొమ్మ వేశారు. కోయడానికి చెయ్యి రావట్లేదు.

సుజాత_కె:
కోయక తప్పదేమో చూసుకోండి ముందు. హిచ్‌ని పైకి పట్టి చూస్తే ఎంత తగులుతుందో తెలుస్తుంది. తప్పదంటే బయట అంటుడు టేపు వేసి, దాని మీద గీత గీసి, గీతకి లోపలే తక్కువగా కోయండి. చాలకపోతే మళ్ళీ కోయొచ్చు, ఎక్కువైతే అతకదు. సన్నపళ్ళ రంపపు బ్లేడు గానీ, మల్టీటూల్ గానీ వాడండి. గ్రైండర్ పెడితే ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దవుతుంది.

వైరుపురుగు:
బంపర్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొన్ని బండ్లకి బంపర్ లోపలున్న ఇనప దూలాన్ని తీసేసి దాని స్థానంలో హిచ్ దూలం వస్తుంది. అది ఆ బండి కోసమే తయారై, ఆమోదం పొందినది అయితేనే పెట్టండి. యూరప్ హిచ్‌లకి ఆర్55 (హిచ్‌ల భద్రతా నిబంధన) ఆమోదం పలక అతికించి ఉంటుంది, దాని మీద డి-విలువ (హిచ్ తట్టుకునే లాగుడు బలం), నిలువు బరువు రెండూ ఉంటాయి. ఏదో బండికి చేసింది కన్నాలు కొట్టి మన బండికి తగిలించడం, వెల్డింగ్ చేయించి పొడిగించడం, రెండూ వద్దు. ఛాసిస్ రైలు పైఅంచుకీ కిందంచుకీ కన్నాలు కొడితే రైలు బలమే పోతుంది.

ఇక వైరింగ్. మీరే చేసుకోవచ్చు, కానీ బండి ఎలాంటిదో తెలుసుకుని చేయాలి. పాత పద్ధతిలో వెనక లైటు వైరుకి జంపర్ క్లిప్పు కొట్టి ట్రైలర్‌కి ఇచ్చేవారు. ఇప్పటి బండ్లకి ఆ పని చేయకండి. ఒకటి, లైట్ల వైర్లు సన్నగా ఉంటాయి, రెండు లైట్ల కరెంటు మోయడానికి కాదు. రెండు, బండిలోని కంప్యూటర్ బల్బు కాలిందో లేదో కరెంటు చూసి పసిగడుతుంది, మీరు లైటు కలిపితే తికమక పడుతుంది. కొన్నింటిలో లైటుకి వచ్చేది నిండు 12 వోల్టులు కూడా కాదు, వేగంగా ఆగుతూ వచ్చే పల్స్.

అందుకే పవర్ మాడ్యూల్ వాడాలి. అది బండి వైర్ల నుంచి సైగ మాత్రమే తీసుకుంటుంది, ట్రైలర్ లైట్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తుంది. ఆ బ్యాటరీ వైరుకి ఫ్యూజు తప్పనిసరి, అది కూడా బ్యాటరీ దగ్గర్లోనే. వెనక డిక్కీ దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయినప్పుడు అది కాపాడదు.

దారిదీపం:
మా బండికి వెనక ఇండికేటర్ పసుపు, బ్రేక్ ఎరుపు. ట్రైలర్‌కి 4 పిన్నుల చదును ప్లగ్గు ఉంది. ఎరుపు లైట్లు రెండే. బ్రేకూ ఇండికేటరూ రెండూ అదే బల్బా?

వైరుపురుగు:
అవును, అదే బల్బు. 4 పిన్నుల అమెరికా ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ రంగు పార్కింగ్ లైటు, పసుపు ఎడమ వైపు బ్రేకూ ఇండికేటరూ, ఆకుపచ్చ కుడి వైపు బ్రేకూ ఇండికేటరూ. మీ బండిలో బ్రేకు వేరు, ఇండికేటర్ వేరు. ఆ రెంటినీ కలిపి ఒక వైరులో పెట్టే కన్వర్టర్ కావాలి. దొరికే పవర్ మాడ్యూల్స్‌లో చాలావాటికి ఇది లోపలే ఉంటుంది, కొనేముందు అడిగి కనుక్కోండి. మీ బండికి సరిపోయే ప్లగ్ అండ్ ప్లే వైరింగ్ దొరికితే ఇంకా మంచిది, వెనక లైటు కనెక్టర్ విప్పి మధ్యలో తగిలించడమే, వైరు కోయక్కర్లేదు.

మీ ట్రైలర్ యూరప్‌ది అయ్యుంటే 7 పిన్నులదో 13 పిన్నులదో ఉండేది, వాటిలో వరస వేరు. రంగు చూసి కాదు, టెస్టు లైటు పెట్టి ఒక్కొక్క పిన్నూ చూసుకోండి.

బ్యాటరీ నెగటివ్ తీసేశాకే పని మొదలుపెట్టండి. వైర్లు సైలెన్సర్‌కి దూరంగా, ఊగే భాగాలకి తగలకుండా, రేకు అంచు మీంచి పోయేచోట రబ్బరు గ్రోమెట్ పెట్టి లాగండి.

పడవవాలా:
నాకొక వింత సమస్య ఉంది, ఇక్కడే అడుగుతా. ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ లైట్లన్నీ మసకగా మినుకుమంటున్నాయి. బ్రేకు నొక్కితే పార్కింగ్ లైటు ఆరిపోతోంది. మాడ్యూల్ పోయిందా?

వైరుపురుగు:
మాడ్యూల్ జోలికి వెళ్ళకుముందు ఎర్త్ చూడండి. నూటికి తొంభై సార్లు అదే. తిరిగి వెళ్ళే దారి దొరక్క కరెంటు వేరే బల్బుల ఫిలమెంట్లలోంచి దారి వెతుక్కుంటుంది, అందుకే అన్నీ మసకగా వెలుగుతాయి. తెలుపు వైరు బండి వైపు ఎక్కడ బిగించి ఉందో చూడండి, అక్కడ రంగు గీకి మెరిసే రేకు కనపడాలి. తర్వాత ట్రైలర్ వైపు కూడా. బాల్, కప్లర్ తగులుతున్నాయి కదా అని దాన్నే ఎర్త్ అనుకోవద్దు, గ్రీజు ఉంటుంది, కుదుపుకి తగులుతుంది, విడిపోతుంది. పరీక్షకి ఒక వైరు తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి ట్రైలర్ ఫ్రేముకి నేరుగా కలపండి. లైట్లు బాగైతే దొంగ దొరికినట్టే.

పడవవాలా:
బాగైంది. ట్రైలర్ వైపు స్క్రూ తుప్పు. పడవ దించేటప్పుడు నీళ్ళలోకి పోతుంది కదా మరి.

వైరుపురుగు:
కొత్త స్క్రూ, రింగు టెర్మినల్ వేసి, బిగించాక పైన గ్రీజు పట్టించండి. నీళ్ళలోకి దించే ముందు ప్లగ్గు ఊడదీస్తే వేడి బల్బులు చల్లనీళ్ళకి పగలవు.

దారిదీపం:
హిచ్ బిగిసింది! బెల్టు, జాకీ, తీగ అన్నీ పనిచేశాయి. కుడి పక్క ఒక బోల్టు మాత్రం సగం దాకా సాఫీగా వెళ్ళి గట్టిగా ఆగింది. బలం పెట్టకుండా వదిలేశాను. ఏం చేయాలి?

గ్రీజుచేతులు:
ఆపి మంచి పని చేశారు. మెల్లగా వెనక్కి తిప్పి తీయండి, బోల్టు మర చూడండి. తుప్పు పొడి అంటితే ట్యాప్ మళ్ళీ వేయడమే. మర నలిగి ఉంటే వంకరగా ఎక్కినట్టు, ఆ బోల్టు మార్చండి, అదే గ్రేడ్ మార్కు తల మీద ఉండాలి. ఇంట్లో డబ్బాలో దొరికిన బోల్టు వేయకండి. ట్యాప్ వేసేటప్పుడు మిగతా బోల్టులు కొంచెం వదులు చేసుకోండి, కన్నం సరిగ్గా ఎదురుగా రాకపోతే ట్యాప్ కూడా వంకరపోతుంది.

దారిదీపం:
తుప్పు ముద్దే. ట్యాప్‌తో పోయింది. అన్నీ కాగితంలోని టార్క్‌కి బిగించాను, పక్కింటాయన రెంచి ఇచ్చారు. రంగు పోయినచోట్ల జింకు ప్రైమర్ కొట్టాను. ఇప్పుడు బాల్ కొనాలి. కప్లర్ మీద 50 అని పోతపోసి ఉంది. 2 అంగుళాల బాల్ సరిపోతుంది కదా, దాదాపు అంతే.

నట్టుబోల్టు:
సరిపోదు. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. 50 కప్లర్‌లో అది పూర్తిగా కూర్చోదు, గొళ్ళెం పడినట్టే ఉండి పడదు. 50 మిల్లీమీటర్ల బాలే తీసుకోండి. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదం: అమెరికాలో 1-7/8, 2, 2-5/16 అంగుళాల బాళ్ళు ఉంటాయి. 2 అంగుళాల కప్లర్‌ని 1-7/8 బాల్ మీద పెడితే గొళ్ళెం చక్కగా పడుతుంది, పెద్ద కుదుపుకి పైకి లేచి ఊడిపోతుంది. గొళ్ళెం పడ్డాక ముక్కు జాకీతో పైకి లేపి చూడండి. బండి వెనక భాగం కూడా లేవాలి. అప్పుడే పట్టినట్టు.

బాల్ నట్టుకి కూడా టార్క్ ఉంది, దాన్ని అందరూ వదిలేస్తారు. ముప్పావు అంగుళం కాడకి సాధారణంగా 160 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 217 న్యూటన్-మీటర్లు. 1 అంగుళం కాడకి 250, దాదాపు 339. మీ బాల్ తయారీదారు ఏమంటే అదే వేయండి.

బాల్ మౌంట్ ఎత్తు కూడా చూసుకోండి. ట్రైలర్‌ని సమంగా నిలిపి నేల నుంచి కప్లర్ దాకా కొలవండి, బండి రిసీవర్ ఎత్తు కొలవండి. తేడా ఎంతో అంత దిగువ ఉన్న మౌంట్ తీసుకోండి. ముక్కు పైకెత్తి పోతే బరువు వెనక్కి మళ్ళుతుంది, మళ్ళీ తోక ఊపుడు. 2 అంగుళాల రిసీవర్‌కి పిన్ను 5/8 అంగుళం. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వేసి తగిలించండి. కప్లర్ ఊడినా ముక్కు నేలకి గుచ్చుకోకుండా చైన్ల మీదే ఆగుతుంది. మలుపు తిరిగేంత వదులు, నేల తగలనంత బిగువు.

రైతుబిడ్డ:
సైకిల్ ర్యాక్ బండికి తగలకుండా కొంచెం వెనక్కి పెట్టడానికి హిచ్‌కి ఎక్స్‌టెన్షన్ గొట్టం దొరుకుతోంది. పెట్టొచ్చా?

నట్టుబోల్టు:
పెట్టొచ్చు కానీ బరువు దూరం జరిగిన కొద్దీ హిచ్ మీద మెలి పెరుగుతుంది. చాలా ఎక్స్‌టెన్షన్లకి టంగ్ వెయిట్ సగానికి తగ్గించుకోమని రాసి ఉంటుంది. ర్యాక్ మీద సైకిళ్ళు ప్రతి గుంతకీ ఎగురుతాయి, అది ఇంకా దెబ్బ. పొట్టి ర్యాక్ దొరికితే అదే మేలు.

దారిదీపం:
బాల్ మౌంట్ పెట్టాక రివర్స్ గేర్ వేస్తే పార్కింగ్ సెన్సర్ ఆగకుండా మోగుతోంది. మౌంట్ రిసీవర్‌లో టకటకమంటోంది కూడా. ఇవి రెండూ మామూలేనా?

వైరుపురుగు:
సెన్సర్‌కి మౌంట్ అడ్డంగా కనిపిస్తోంది. ట్రైలర్ లేనప్పుడు మౌంట్ తీసి డిక్కీలో వేయండి, సెన్సరూ ఊరుకుంటుంది, మీ మోకాళ్ళూ బాగుంటాయి. ట్రైలర్ ఉన్నప్పుడు సెన్సర్ దానంతటదే ఆగాలంటే బండి కంపెనీ ట్రైలర్ మాడ్యూల్ ఉండాలి, చాలా యూరప్ బండ్లకి దాన్ని కోడింగ్ కూడా చేయించాలి. అది చేయిస్తే ట్రైలర్ ఊగుడుని అదుపు చేసే స్టెబిలిటీ ప్రోగ్రాం కూడా పనిలోకి వస్తుంది. విడి మాడ్యూల్‌తో లైట్లు వెలుగుతాయి గానీ ట్రైలర్ ఉందని బండికి తెలీదు. రెంటిలో ఏది అనేది మీ ఇష్టం, తరచు లాగేవాళ్ళకి నేను కంపెనీదే చెప్తాను.

సుజాత_కె:
టకటక మామూలే. యు-బోల్టు లాంటి యాంటీ-రాటిల్ క్లాంపు దొరుకుతుంది, రిసీవర్‌నీ మౌంట్‌నీ కలిపి బిగిస్తుంది. చప్పుడు ఆగుతుంది. హిచ్ బోల్టుల దగ్గర్నుంచి చప్పుడు వస్తే మాత్రం వేరే కథ, లాగడం ఆపి చూడాలి.

గ్రీజుచేతులు:
మొదటిసారి బరువు లాగి వచ్చాక అన్ని బోల్టులకీ మళ్ళీ టార్క్ రెంచి పెట్టి చూడండి దారిదీపం గారూ. కొత్త రంగు కింద నలిగి బోల్టు కొంచెం వదులవుతుంది. ఇప్పుడే ప్రతి బోల్టు తల మీంచి హిచ్ మీదికి రంగు పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ఎప్పుడు కిందికి తొంగిచూసినా గీత విరిగిందో లేదో తెలుస్తుంది. ఆ రెంచి పక్కింటాయనకి అప్పుడే ఇచ్చేయకండి మరి.

దారిదీపం:
గీతలు గీశాను. రెంచి ఆదివారం దాకా నా దగ్గరే. వైరింగ్ మాడ్యూల్ రావాల్సి ఉంది, రాగానే పిన్నుల ఫోటోలు పెడతాను, వైరుపురుగు గారు కాస్త చూడాలి.